రివిజన్ సంఖ్య షీటు ప్రకారమా, ప్రాజెక్టు ప్రకారమా? ఆర్కిటెక్చర్ డ్రాయింగులకు పద్ధతినీ సాఫ్ట్‌వేర్‌నూ ఎంచుకోవడం

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల్లో ఇళ్లు, ఫంక్షన్ హాళ్లు, నర్సింగ్ హోములు, రైస్ మిల్లు షెడ్లు డిజైన్ చేసే కార్యాలయాలు చాలావరకు ఇద్దరు ముగ్గురితో నడిచేవే. ఆర్కిటెక్టు ఇక్కడ ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు హైదరాబాదులో ఉంటారు; ఇంటి యజమాని మరో ఊళ్లోనో, మరో దేశంలోనో ఉండి ఫోనులోనే మార్పులు చెబుతుంటారు; కాంట్రాక్టరు ప్రింటు తీయించుకుని సైటుకు వెళ్లిపోతారు. ఒకే ప్లాను కంప్యూటరులో డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ ఫైలు)గా, వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా, మేస్త్రీ చేతిలో మడతలు పడిన కాగితంగా ఒకేసారి తిరుగుతుంటుంది. ఆ మూడింటిలో ఏది ఆఖరిదో చెప్పగలిగిన గుర్తు డ్రాయింగు మీద ఒక్కటే ఉంటుంది, అది ఎన్నోసారి మార్చి పంపిన షీటో చెప్పే రివిజన్ సంఖ్య. స్లాబుకు ముందు రోజు సాయంత్రం సైటు నుంచి ఫోను చేసి "మా కాడున్న ప్రింటు ఆఖరిదేనా సార్?" అని అడిగినప్పుడు, షీటు సంఖ్య, రివిజన్ సంఖ్య చదవమని చెప్పి అర నిమిషంలో అవునో కాదో తేల్చగలిగితే ఆ పద్ధతి మంచిది, తేల్చలేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడినా ఆ పద్ధతి పనికిరాదు.

అందుకే ఈ ఎంపికలో సాఫ్ట్‌వేర్‌కు రెండో స్థానమే ఇస్తున్నాను. సంఖ్యను దేనికి ఇవ్వాలి, ఎప్పుడు పెంచాలి, ఎవరు పెంచాలి అన్నవి ముందు తేలాలి. అవి తేలిన తర్వాత డ్రాయింగు సాఫ్ట్‌వేర్లైన ఆటోక్యాడ్, రెవిట్, ఆర్కిక్యాడ్‌లలో మన పనికి ఏది సరిపోతుందో చూసుకోవడం పెద్ద కష్టం కాదు.

సంఖ్య ఎప్పుడు పెరగాలి

ఫైలును సేవ్ చేసిన ప్రతిసారీ రివిజన్ కాదు. కార్యాలయం లోపల పదిసార్లు గీసి చెరిపినా అది పనిలో భాగమే. ఒక షీటు కార్యాలయం దాటి యజమానికో, ఇంజినీరుకో, కాంట్రాక్టరుకో చేరిన తర్వాత అందులో గీత మారినా, కొలత మారినా, ఒక నోటు మారినా అప్పుడు మాత్రమే సంఖ్య పెరగాలి. అలా చేరిన తర్వాత ఎంత చిన్న మార్పైనా సంఖ్య పెరగకుండా బయటికి పోకూడదు. ఈ నియమంలో రెండో సగాన్నే చాలామంది వదిలేస్తారు. తలుపు వెడల్పు ఒక్కటే కదా మారిందని అదే సంఖ్యతో కొత్త పీడీఎఫ్ పంపితే, ఆర్2 (రివిజన్ 2) అని రాసి ఉన్న రెండు వేర్వేరు కాగితాలు లోకంలో ఉన్నట్టవుతుంది. సంఖ్య లేని షీటు కంటే అది ప్రమాదకరం, ఎందుకంటే సంఖ్యను చూసి నమ్మినవారే మోసపోతారు.

గూగుల్ డ్రైవ్ వంటివి పాత కాపీలను దాచుతాయి కాబట్టి వేరే లెక్క అక్కరలేదని కొందరి అభిప్రాయం. డ్రైవ్‌లో పీడీఎఫ్, డీడబ్ల్యూజీ వంటి ఫైళ్ల పాత వెర్షన్లు మామూలుగా 30 రోజుల వరకో, 100 వెర్షన్ల వరకో ఉంటాయి; ఎప్పటికీ ఉంచాలని మనం ప్రత్యేకంగా గుర్తు పెడితే తప్ప ఆ తర్వాత పోతాయి. ఇంటి పని ఏడాదికి పైగా సాగుతుంది కాబట్టి దాన్ని రివిజన్ చరిత్రగా లెక్కించకూడదు. బయటికి ఇచ్చిన ప్రతి పీడీఎఫ్‌ను తేదీ పేరుతో ఒక ఫోల్డరులో వేసి, ఆ ఫోల్డరును మళ్లీ ముట్టకూడదు. తేదీని 2025-03-14 అన్నట్టు సంవత్సరం ముందు పెట్టి రాస్తే ఫోల్డర్లు వాటంతట అవే వరుసలో నిలుస్తాయి.

షీటు ప్రకారం, ప్రాజెక్టు ప్రకారం: అసలు తేడా

జీ+2 ఇంటికి ఆరు షీట్లు ఉన్నాయనుకుందాం. ఏ-101 గ్రౌండ్ ఫ్లోర్, ఏ-102 ఫస్ట్ ఫ్లోర్, ఏ-103 సెకండ్ ఫ్లోర్, ఏ-201 ఎలివేషన్లు, ఏ-301 సెక్షన్లు, ఏ-401 మెట్ల వివరం. ఆరూ ఆర్0గా, అంటే మొదటి విడుదలగా, సైటుకు వెళ్లాయి. తర్వాత మూడు మార్పులు వచ్చాయి. మొదటిది, వాస్తు చూసినవారి మాట మీద పూజ గది ఈశాన్యానికి జరిగింది. ఏ-101 ఒక్కటే మారింది. రెండోది, మెట్ల ఎత్తు ఎక్కువగా ఉందని ఒక మెట్టు పెంచారు. ఏ-101, 102, 103, 301, 401 మారాయి. మూడోది, ఫస్ట్ ఫ్లోర్ బాల్కనీ లోతు పెరిగింది. ఏ-102, 201, 301 మారాయి.

ప్రాజెక్టు ప్రకారం లెక్క పెడితే ఒక్కో మార్పుకు ప్రాజెక్టు మొత్తానికి ఒకే సంఖ్య ఉంటుంది. ఏ-101 మీద 1, 2 కనిపిస్తాయి. ఏ-102 మీద 2, 3. ఏ-103 మీద 2 మాత్రమే. ఏ-201 మీద 3 మాత్రమే. "రివిజన్ 2" అంటే ఎక్కడ చూసినా మెట్ల మార్పే. ఇంజినీరుతో మాట్లాడేటప్పుడు, బిల్లు తేల్చేటప్పుడు, యజమానికి ఏ మార్పు ఎప్పుడు అడిగారో చూపేటప్పుడు ఇది ఎంతో స్పష్టంగా ఉంటుంది. కానీ ఏ-201 చేతిలో ఉన్న కాంట్రాక్టరుకు ఆర్0 తర్వాత ఆర్3 వస్తుంది. మధ్యలో రెండు ప్రింట్లు తనకు అందలేదేమోనన్న అనుమానం సహజంగా పుడుతుంది, ఫోను వస్తుంది, వివరించాల్సి వస్తుంది. ఫోను చేస్తే మేలే. చేయకుండా, ఈ సంఖ్యలకు వరుస లేదు కాబట్టి పట్టించుకోనక్కరలేదని అనుకుంటే అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

షీటు ప్రకారమైతే ప్రతి షీటుకు తన వరుస తనదే. ఏ-101 మీద 1, 2; ఏ-102 మీద 1, 2; ఏ-103, 201, 401ల మీద 1; ఏ-301 మీద 1, 2. ఎక్కడా ఖాళీ ఉండదు, చేతిలోని కాగితం మీద ఆర్1 ఉండి ఆర్2 వచ్చిందంటే పాతది తీసేయాలని ఎవరికైనా అర్థమవుతుంది. నష్టం మరో వైపు ఉంటుంది. ఏ-101 మీద ఆర్1 అంటే పూజ గది, ఏ-102 మీద ఆర్1 అంటే మెట్లు, ఏ-201 మీద ఆర్1 అంటే బాల్కనీ. కాబట్టి షీటు సంఖ్య చెప్పకుండా "ఆర్1 ప్రకారం చేయండి" అని ఎవరూ ఎవరితోనూ అనకూడదు; అంటే అర్థమే ఉండదు.

నా తీర్పు ఇది: మన పట్టణాల్లోని ఇళ్లకు, చిన్న వాణిజ్య భవనాలకు షీటు ప్రకారమే మేలు. సైటులో డ్రాయింగు చదివేవారు ఒక్కో షీటును విడిగా చూస్తారు, మార్పు జరిగిన షీటునే విడిగా ప్రింటు తీయించుకుంటారు, ఆరు షీట్లను పక్కపక్కన పెట్టి పోల్చరు. ఆసుపత్రి, ఇంజినీరింగ్ కాలేజీ బ్లాకు, జడ్చర్ల వైపు కనిపించే పెద్ద పరిశ్రమ భవనాల వంటి వాటిలో ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఏసీ సలహాదారులు వేర్వేరుగా ఉంటారు. వారందరికీ ఒక మార్పు ఒకే పేరుతో తెలియాలి కాబట్టి అక్కడ ప్రాజెక్టు ప్రకారం సంఖ్య అవసరం. అయినా షీటు ప్రకారం పోయేవారు ఒక పని తప్పకుండా చేయాలి. బయటికి ఇచ్చిన ప్రతి కట్టకు ఇష్యూ-1, ఇష్యూ-2 అని విడిగా ఒక సంఖ్య వేసి, ఏ షీటు ఏ రివిజన్‌తో ఆ కట్టలో వెళ్లిందో ఎక్సెల్‌లో రాసుకోవాలి. ప్రాజెక్టు లెక్కలో దొరికే స్పష్టతలో సగానికి పైగా ఆ ఒక్క ఎక్సెల్ షీటుతోనే దొరుకుతుంది.

అక్షరాలా, అంకెలా

యజమాని ఆమోదం కోసం పంపే దశలో ఏ, బి, సి, నిర్మాణానికి విడుదల చేసిన తర్వాత 0, 1, 2 అనే అలవాటు మన దేశంలో పెద్ద ప్రాజెక్టుల్లో బాగా పాతుకుపోయింది. జీఎఫ్‌సీ (నిర్మాణానికి తగినది) ముద్ర పడిన మొదటి షీటు ఆర్0. దీన్ని చిన్న ఇంటికి కూడా పాటించాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే అక్షరం కనిపిస్తే కట్టవద్దు, అంకె కనిపిస్తే కట్టవచ్చు అన్న ఒక్క మాట మేస్త్రీకి చెబితే చాలు. అక్షరాలు వాడేటప్పుడు ఐ, ఓ లను వదిలేయాలి, 1, 0 లతో కలిసిపోతాయి. అమెరికా ఇంజినీరింగ్ డ్రాయింగుల రివిజన్ ప్రమాణం వై14.35 వాటితో పాటు క్యూ, ఎస్, ఎక్స్, జెడ్‌లను కూడా వదిలేస్తుంది.

హైదరాబాదు బీఐఎం (భవనాల త్రీడీ సమాచార మోడలింగ్) కంపెనీల్లో పనిచేసి వచ్చినవారికి పి01, సి01 అలవాటై ఉంటాయి. భవన సమాచార నిర్వహణకు ఐఎస్ఓ 19650 ప్రమాణం మొదటి రెండు భాగాలు 2018లో వచ్చాయి. దాని బ్రిటన్ అనుబంధంలో పి అంటే ప్రాథమిక దశ, సి అంటే ఒప్పందానికి కట్టుబడిన దశ. విదేశీ పని చేసేవారు దాన్నే పాటించాలి. ఇక్కడి ఇంటి పనికి అంత బరువు అక్కరలేదు.

ఆటోక్యాడ్: చేతి పని ఎక్కువ, స్వేచ్ఛా ఎక్కువే

ఆటోక్యాడ్‌కు రివిజన్ అంటే ఏమిటో తెలియదు. రెవ్‌క్లౌడ్ కమాండ్ మార్పు జరిగిన చోటు చుట్టూ మబ్బు ఆకారంలో గీత గీస్తుంది, అంతే. ఆ మబ్బు ఏ సంఖ్యకు చెందిందో, ఏ తేదీదో దానికి సంబంధం లేదు. పక్కన త్రిభుజం, అందులో అంకె, టైటిల్ బ్లాకులో (షీటు మూలన వివరాలుండే పట్టికలో) వరుస, అన్నీ మనమే రాయాలి. అందువల్ల మబ్బు గీసి వరుస రాయడం మరచిపోవడం, వరుస రాసి త్రిభుజంలో పాత అంకె ఉంచేయడం ఇక్కడ సాధారణం. దీన్ని తగ్గించే మార్గాలు రెండున్నాయి.

మొదటిది, టైటిల్ బ్లాకులోని రివిజన్ గడులను మామూలు టెక్స్టుగా కాకుండా ఆట్రిబ్యూట్లుగా (బ్లాకులో విలువ నింపే పేరున్న గడులుగా) పెట్టడం. అలా పెడితే డేటా ఎక్స్‌ట్రాక్షన్ కమాండ్‌తో అన్ని ఫైళ్లలోని షీటు సంఖ్య, రివిజన్, తేదీలను ఒకేసారి ఎక్సెల్‌లోకి లాగి, మన రిజిస్టరుతో పోల్చుకోవచ్చు. రెండోది, ప్రాజెక్టు షీట్లన్నిటినీ ఒకే జాబితాగా నడిపే షీట్ సెట్ మేనేజర్. అందులో ప్రతి షీటుకు రివిజన్ సంఖ్య, రివిజన్ తేదీ అనే లక్షణాలు సిద్ధంగా ఉంటాయి. వాటిని ఫీల్డుగా టైటిల్ బ్లాకులో పెడితే ఒకచోట మార్చినది షీటు మీదా, డ్రాయింగుల జాబితా పట్టికలోనూ మారుతుంది. దీనికి ఒక పరిమితి ఉంది: ఆ లక్షణం ప్రస్తుత రివిజన్‌ను మాత్రమే పట్టుకుంటుంది, పాత వరుసలు ఉండాలంటే మనమే కస్టమ్ లక్షణాలు సృష్టించుకోవాలి. ఆటోక్యాడ్ ఎల్‌టీలో షీట్ సెట్ మేనేజర్ లేదు కాబట్టి ఎల్‌టీ వాడేవారికి మొదటి మార్గంలో ఆట్రిబ్యూట్ల వరకే దారి ఉంది; రిజిస్టరును చేత్తో నింపుకోవాలి. బ్రిక్స్‌క్యాడ్‌లో (ఆటోక్యాడ్ లాంటి మరో సాఫ్ట్‌వేర్) షీట్ సెట్ సదుపాయం ఉంది, శాశ్వత లైసెన్సు కూడా దొరుకుతుంది. ఏటా చందా కట్టడం భారమనుకునే చిన్న కార్యాలయాలు దాన్ని పరిశీలించవచ్చు.

మబ్బును ఎక్కడ గీయాలన్నది కూడా ముఖ్యమే. భవనాన్ని గీసే మోడల్ స్పేస్‌లో గీస్తే, ఆ ప్లానును ఎక్స్‌రెఫ్‌గా (వేరే ఫైలులోకి జోడించి) వాడుకున్న ఎలక్ట్రికల్ షీటులోనూ, ఫర్నిచర్ షీటులోనూ అదే మబ్బు ప్రత్యక్షమవుతుంది, అక్కడ దానికి అర్థం ఉండదు. లేఅవుట్‌లో, షీటును అమర్చే పేపర్ స్పేస్ మీద, దానికంటూ ఒక లేయరులో గీయాలి. 2019 వెర్షన్ నుంచి ఉన్న డీడబ్ల్యూజీ కంపేర్ ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది: గత ఇష్యూలో వెళ్లిన ఫైలునూ ఇప్పటి ఫైలునూ ఇచ్చితే తేడాలను వేరే రంగుల్లో చూపి, వాటి చుట్టూ తానే మబ్బులు వేస్తుంది. మనం గుర్తుపెట్టుకున్నవి మూడు మార్పులైతే అది ఐదు చూపిస్తుంది. ఆ మిగతా రెండే సైటులో గొడవ తెచ్చేవి. షీటు బయటికి పోయే ముందు కంపేర్ చేయనిదే పంపకూడదన్న నియమం పెట్టుకుంటే ఆటోక్యాడ్ మీద ఆధారపడిన కార్యాలయం కూడా నమ్మకంగా నడుస్తుంది. అలా పోల్చడానికి గత ఇష్యూ డీడబ్ల్యూజీ ఉండాలి కాబట్టి, పీడీఎఫ్‌తో పాటు ఈ-ట్రాన్స్‌మిట్‌తో ఎక్స్‌రెఫ్‌లన్నీ కట్టి ఆ తేదీ ఫోల్డరులో దాచాలి.

రెవిట్: లెక్క తానే వేస్తుంది, నియమం మనం పెట్టాలి

రెవిట్‌లో వ్యూ ట్యాబులోని షీట్ ఇష్యూస్/రివిజన్స్ అనే పట్టికే అన్నిటికీ మూలం. అక్కడ ఒక వరుస చేర్చి తేదీ, వివరం, ఎవరికి, ఎవరి నుంచి అన్నవి ఒకసారి రాస్తాం. తర్వాత షీటు మీద గీసిన ప్రతి మబ్బుకు ఆ వరుసను తగిలిస్తాం. మబ్బు పడిన షీటు టైటిల్ బ్లాకులో ఆ వరుస దానంతట అదే కనిపిస్తుంది. మబ్బు పక్కన పెట్టిన ట్యాగులో సంఖ్య కూడా అదే. వివరం ఒకచోట రాసి, సంఖ్య మరోచోట తప్పుగా రాసే అవకాశమే ఉండదు. షీటు జాబితా షెడ్యూలులో ప్రస్తుత రివిజన్, దాని తేదీ అన్న కాలమ్‌లు చేర్చితే డ్రాయింగుల రిజిస్టరు తనంతట తానే తయారవుతుంది. 30, 40 షీట్లున్న పనిలో ఇది మిగిల్చే శ్రమ చాలా ఎక్కువ.

పైన చెప్పిన షీటు ప్రకారం, ప్రాజెక్టు ప్రకారం అన్న ఎంపిక ఆ పట్టికలోనే ఒక బటనుగా ఉంటుంది. పని మొదట్లోనే దాన్ని నిర్ణయించి మళ్లీ ముట్టకూడదు. మధ్యలో మార్చితే అప్పటికే సైటుకు వెళ్లిన షీట్లన్నిటి మీదా కంప్యూటరులో సంఖ్యలు మారిపోతాయి, కాగితం మీద ఆర్2, ఫైలులో ఆర్4 అన్న పరిస్థితి వస్తుంది.

షీటు ప్రకారం ఎంచుకున్నవారు మరో విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రెవిట్‌లో షీటు ప్రకారం సంఖ్య ఎక్కడా రాసి ఉంచినది కాదు, ఆ షీటు మీద ఏయే రివిజన్లు ఉన్నాయో చూసి ఎప్పటికప్పుడు లెక్కించినది. ఏ-102 మీద మెట్ల మార్పు ఆర్1, బాల్కనీ ఆర్2. డ్రాయింగు శుభ్రంగా కనిపించాలని డ్రాఫ్ట్స్‌మన్ మెట్ల మబ్బును చెరిపేస్తే ఆ షీటు మీద మిగిలేది బాల్కనీ ఒక్కటే, అది ఆర్1 అయిపోతుంది. ఎవరూ ఏ సంఖ్యనూ ముట్టలేదు, అయినా సంఖ్య వెనక్కి పోయింది. దీనికి మందు పట్టికలోనే ఉంది. కట్ట బయటికి వెళ్లిన వెంటనే ఆ వరుసలో ఇష్యూడ్ అన్న గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు ఆ వరుసలోని వివరాలు మార్చడానికి వీలుండదు, దానికి కొత్త మబ్బులు చేర్చడానికీ, ఉన్న మబ్బు గీతను సవరించడానికీ వీలుండదు. పాత మబ్బులు కంటికి అడ్డమైతే చెరపకుండా, షో అన్న గడిలో ట్యాగు మాత్రమే కనిపించేలా పెట్టాలి. మబ్బు గీయడానికి చోటు లేని మార్పు, ఉదాహరణకు షీటు మొత్తం కొత్తగా వచ్చిన సందర్భం, ఉంటే షీటు లక్షణాల్లోని రివిజన్స్ ఆన్ షీట్ జాబితాలో ఆ వరుసకు టిక్కు పెట్టాలి. అది మబ్బు లేకపోయినా నిలుస్తుంది.

ఈ పట్టికలో తేదీ గడి కేవలం రాత గడి. మనం ఏది టైపు చేస్తే అదే ఉంటుంది, కంప్యూటరు తేదీని తీసుకోదు. కాబట్టి ఒకే రూపంలో రాసే క్రమశిక్షణ మనదే.

రెవిట్ ఎవరికి వద్దు? పనులన్నీ నాలుగైదు షీట్ల ఇళ్లే అయినవారికి, గీసేవారు ఒక్కరే ఉండి ఆటోక్యాడ్‌లో చేయి తిరిగినవారికి రివిజన్ల కోసమని రెవిట్‌కు మారమని నేను చెప్పను. టైటిల్ బ్లాకు ఫ్యామిలీ, షెడ్యూళ్లు, టెంప్లేటు కుదిరే వరకు నెలలు పడుతుంది, ఆ సమయంలో పాత పద్ధతీ కొత్త పద్ధతీ కలగలిసి రెండూ చెడతాయి.

ఆర్కిక్యాడ్

2014లో వచ్చిన ఆర్కిక్యాడ్ 18 నుంచి ఇందులో ఛేంజ్ మేనేజర్, ఇష్యూ మేనేజర్ ఉన్నాయి. ఇక్కడ కేంద్రంలో ఉండేది సంఖ్య కాదు, మార్పు. "మెట్లు 17 నుంచి 18కి" అని ఒక మార్పును పేరుతో నమోదు చేస్తే, అది ఏయే లేఅవుట్లను తాకుతుందో ప్రోగ్రాం చూపుతుంది. ఇష్యూ సృష్టించినప్పుడు ఆ లేఅవుట్ల రివిజన్ పెరుగుతుంది. ఇష్యూ మూసినప్పుడు ఆ దశ భద్రపడుతుంది. షీటు ప్రకారం సంఖ్య, మార్పు ప్రకారం చరిత్ర రెండూ కావాలనుకునేవారికి మూడింటిలో ఆలోచనాపరంగా నాకు ఇదే బాగా నచ్చుతుంది. అయితే నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో దీన్ని తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్ దొరకడం కష్టం. ఉన్న ఒక్కరు మానేస్తే ఆ చరిత్రను నడిపేవారు ఉండరు. ఎంపికలో ఇది చిన్న విషయం కాదు.

కాగితం మీద కనిపించకపోతే

ఏ సాఫ్ట్‌వేర్ అయినా చివరకు సంఖ్య కాగితం మీద చదవగలిగేలా ఉండాలి. ఏ1 షీటును ఏ3లో ప్రింటు తీస్తే పొడవు, వెడల్పులు రెండూ సగమవుతాయి, 2.5 మి.మీ. అక్షరం 1.25 మి.మీ.కు దిగుతుంది, సైటులో దుమ్ము చేతులతో పట్టుకున్న కాగితం మీద అది చదవలేరు. కాబట్టి ఏ1 మీద ప్రస్తుత రివిజన్ సంఖ్య కనీసం 5 మి.మీ., వీలైతే 7 మి.మీ. ఎత్తులో కుడి వైపు కింది మూలలో ఉండాలి, కాగితాన్ని మడిచినప్పుడు పైకి కనిపించేది ఆ మూలే. మబ్బులకు రంగు మీద ఆధారపడకూడదు. ఇక్కడి జిరాక్సు సెంటర్లలో ఎక్కువ ప్రింట్లు నలుపు తెలుపులోనే తీస్తారు. గోడ గీత కంటే మందంగా, 0.7 మి.మీ. దగ్గర పెడితే నలుపులోనూ తెలుస్తుంది. ఈసారి మార్పుల మబ్బులు మాత్రమే ఉంచి, పాతవాటికి త్రిభుజాలు మాత్రం మిగల్చాలి.

ఐఎస్ఓ 7200 ప్రమాణం టైటిల్ బ్లాకులో రివిజన్ సూచిక గడిని ఐచ్ఛికంగానే ఉంచింది, కానీ నిర్మాణ డ్రాయింగుకు దాన్ని తప్పనిసరి చేసుకోవాలి. వరుసలో సంఖ్య, తేదీ, వివరం, గీసినవారు, చూసినవారు అన్న ఐదు గడులు చాలు. వివరం గడిలో "యజమాని సూచనల ప్రకారం మార్చబడింది" అని రాయడం వృథా. "గ్రిడ్ 2-బి దగ్గర మెట్ల గది తలుపు 3 అడుగుల నుంచి 3 అడుగుల 6 అంగుళాలకు" అని రాస్తే, షీటంతా వెతకకుండా మేస్త్రీ నేరుగా అక్కడికే చూస్తాడు. స్ట్రక్చరల్ షీట్ల మీద "ఆధారం: ఏ-102, ఆర్2" అని ఒక గడి ఉండేలా ఇంజినీరును అడగాలి. ఆర్కిటెక్చర్ షీటు ఆర్3కు పోయి, బీముల షీటు ఇంకా ఆర్2ను ఆధారంగా చూపుతుంటే సెంట్రింగు మొదలవక ముందే తేడా బయటపడుతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగానే పంపాలి. ఫొటో కుదించుకుపోయి మొదట పోయేది ఆ చిన్న అంకెలే.

అనుమతి డ్రాయింగును కలపవద్దు

మున్సిపాలిటీకి వేసిన డ్రాయింగు, బ్యాంకు రుణానికి ఇచ్చిన కాపీ, నిర్మాణానికి ఇచ్చిన కట్ట, ఈ మూడూ ఒకే పేరుతో యజమాని ఇంట్లో ఒకే సంచిలో ఉంటాయి. అనుమతి కాపీకి రివిజన్ సంఖ్యలు వేయకుండా, దాని మీద పెద్దగా "అనుమతి కోసం మాత్రమే, నిర్మాణానికి కాదు" అని ఉంచి, షీటు సంఖ్యల వరుసను కూడా వేరు చేయాలి. 2020 చట్టంతో వచ్చిన టీఎస్-బీపాస్ అనే తెలంగాణ ఆన్‌లైన్ భవన అనుమతి విధానంలో చిన్న నివాస భవనాలకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వచ్చింది. అంటే కట్టినది ఆమోదిత ప్లానుకు విరుద్ధంగా ఉంటే బాధ్యత యజమానిదే. అందువల్ల రివిజన్ రిజిస్టరులో మరో గడి చేర్చమని సలహా ఇస్తాను: ఈ మార్పు సెట్‌బ్యాక్‌ను, ఎత్తును, అంతస్తుల సంఖ్యను, కట్టుబడి విస్తీర్ణాన్ని తాకుతుందా, అవునా కాదా. బాల్కనీ లోతు పెంచిన ఏ-102 ఆర్2కు అక్కడ "అవును" పడాలి, పడిన వెంటనే యజమానికి ఫోను చేసి చెప్పాలి. పూజ గది జరిగిన మార్పుకు "కాదు" చాలు.

ఎవరికి ఏది

ఏడాదికి పది పదిహేను ఇళ్లు, ఒక్కోదానికి పది షీట్ల లోపు ఉండే కార్యాలయానికి ఆటోక్యాడ్, ఆట్రిబ్యూట్లతో టైటిల్ బ్లాకు, షీటు ప్రకారం సంఖ్య, ఎక్సెల్ రిజిస్టరు, ఇష్యూకు ముందు కంపేర్. గీసేవారు ఇద్దరు ముగ్గురై షీట్లు 20 దాటితే షీట్ సెట్ మేనేజర్ నేర్చుకోవాలి. ఆసుపత్రులు, కాలేజీలు, అపార్టుమెంట్లు తరచుగా వస్తూ, వేరే సలహాదారులతో కలిసి పనిచేయాల్సి ఉంటే రెవిట్, ప్రాజెక్టు ప్రకారం సంఖ్య, ఇష్యూ అయిన రోజే టిక్కు. ఆర్కిక్యాడ్ ఇప్పటికే వాడుతున్నవారు ఇష్యూ మేనేజరును వదిలేసి చేత్తో రాయడం మానాలి, అంతకుమించి మారాల్సిన పని లేదు. ఏది ఎంచుకున్నా సంఖ్య పెంచే అధికారం కార్యాలయంలో ఒక్కరికే ఉండాలి.

సగంలో ఉన్న పనికి పద్ధతి మార్చకూడదు, పాత పద్ధతిలోనే దాన్ని గృహప్రవేశం వరకు నడపాలి. కొత్త పద్ధతిని ఇంకా ముగ్గు పోయని ప్రాజెక్టుతో మొదలుపెట్టి, మొదటి ఆర్0 కట్టతో పాటే కాంట్రాక్టరుకు ఒక షరతు రాసి ఇవ్వాలి: కొత్త రివిజన్ ప్రింటు తీసుకునేటప్పుడు అదే షీటు పాత ప్రింటును తిరిగి ఇవ్వాలి, దాని మీద ఎర్ర సిరాతో "రద్దు" అని రాసి కార్యాలయంలో ఉంచుకోవాలి.